సర్దుకోవడమంటే ఒప్పుకోవడమా?

2019 డిసెంబరులో గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్నంలో, ఆడపిల్లల హాస్టల్లో రక్తహీనత గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను జీవరసాయన శాస్త్రం చదువుకున్నదాన్ని. కణం తనలోని లోహాల్ని, ముఖ్యంగా రాగినీ ఇనుమునీ, ఎలా అదుపులో పెట్టుకుంటుందన్నదే పాతికేళ్లకు పైగా నా పని. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలని ముందురోజు రాత్రి చాలాసేపు కూర్చుని బొమ్మలు వేసుకున్నాను. పేగుగోడ, దానికి ఒక తలుపు, తలుపు దగ్గర కాపలా. అంతా బాగానే సాగుతోంది. చివర్లో కొంచెం ఉత్సాహం ఎక్కువై, "చూడండమ్మా, మన శరీరం ఎంత తెలివైనదో! ఇనుము తక్కువైతే పేగు ఎక్కువ పీల్చుకుంటుంది. ఉన్నదాంతోనే ఎంత చక్కగా సర్దుకుంటుందో!" అన్నాను.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఇంటర్ మొదటి సంవత్సరమట. "అంటే మేడమ్, మాకు తక్కువ పెట్టినా సరిపోద్దా?" అంది.

పిల్లలు గొల్లున నవ్వారు. వార్డెన్ ఆ అమ్మాయి వైపు కళ్లెర్రజేసి చూసింది. నేను "అలా కాదమ్మా" అని, ఎలా కాదో చెప్పకుండానే తర్వాతి బొమ్మలోకి వెళ్లిపోయాను. అందరి చేతుల్లో వారం వారం వేసుకునే నీలం మాత్ర పెట్టారు. ఫోటో తీశారు. కారెక్కాక నాకు అర్థమైంది, ఆ గదిలో నా ఉపన్యాసాన్ని పూర్తిగా విన్నది ఆ ఒక్క పిల్లేనని. నేను చెప్పిన మాటలోంచి న్యాయంగా వచ్చే ప్రశ్నే తను అడిగింది. శరీరం సర్దుకోగలిగితే పెట్టేవాళ్లకు బాధ్యత ఏముంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నేను చదివిన శాస్త్రాన్ని, అది మాట్లాడే భాషని మళ్లీ మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది.

రాగితో మొదలుపెడతాను. 1990ల చివర్లో నేను అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్నప్పుడు మా రంగమంతా ఒక కొత్త మాట చుట్టూ తిరుగుతుండేది. ఆ మాట 'షాపెరాన్'. పెళ్లికాని పిల్ల బయటికి వెళ్లేటప్పుడు మర్యాద తప్పకుండా కనిపెట్టి ఉండడానికి వెంట పంపే పెద్దామెను ఇంగ్లండులో అలా పిలిచేవారు. 1978లో రాన్ లాస్కీ అనే శాస్త్రవేత్త మొదటిసారి దాన్ని ఒక ప్రొటీనుకు వాడాడు. మరో రెండు దశాబ్దాలకు రాగిని కణంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లే ప్రొటీన్లు దొరికినప్పుడు వాటికీ అదే పేరు పెట్టారు. ఎందుకంటే రాగి ఒంటరిగా తిరిగితే ప్రమాదం. 1894లో ఫెంటన్ గమనించిన రసాయన చర్యే ఇక్కడా జరుగుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ దగ్గర ఇనుము గానీ రాగి గానీ విడిగా ఉంటే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్, ఎదురుపడిన దాన్నల్లా, డీఎన్‌ఏని సైతం, చీల్చిపారేస్తుంది. అందుకే కణం రాగిని చేతిలోంచి చేతిలోకి అందిస్తుంది తప్ప వదిలిపెట్టదు. 1999లో వలేరియా కులోటా, థామస్ ఓహలరాన్ బృందాలు 'సైన్స్' పత్రికలో వేసిన పత్రం ఒక ఈస్ట్ కణంలో విడి రాగి అయాన్లు ఒక్కటి కూడా ఉండవని లెక్కగట్టింది. సగటున ఒకటి కన్నా తక్కువ!

ఆ పత్రం చదివిన రోజు నాకింకా గుర్తుంది. అంత అందమైన లెక్కను అంతకుముందు చూడలేదు. నా ఉపన్యాసాల్లో ఒక వాక్యం స్థిరపడిపోయింది: "స్వేచ్ఛగా తిరిగే రాగి కణానికి ముప్పు." ఇంగ్లీషులో అన్నన్నాళ్లూ నాకేమీ అనిపించలేదు. హైదరాబాదు తిరిగొచ్చాక ఒకసారి డిగ్రీ విద్యార్థుల కోసం దాన్ని తెలుగులో రాయబోతే కలం ఆగిపోయింది. షాపెరాన్‌ను తెలుగులో ఏమనాలి? తోడుమనిషి? కాపలామనిషి? మా చిన్నప్పుడు తెనాలిలో ఫస్ట్ షో సినిమాకి వెళ్లాలంటే మా మేనత్త వెంట రావాల్సిందే. ఆవిడకి సినిమాలంటే పడదు. ఇంటర్వెల్ దాకా కునికిపాట్లు పడుతూ, మేము పక్కకి తిరిగితే మాత్రం ఠక్కున కళ్లు తెరిచేది. ఆ మేనత్తని కణంలో కూర్చోబెట్టి, ఆడపిల్లల్ని రాగి అయాన్లు చేసి, "చూశారా, ప్రకృతే ఇలా ఏర్పాటు చేసింది" అని నేను చదువుకున్న గొంతుతో చెబుతున్నట్టనిపించింది.

ఇది నా ఒక్కదాని బాధేమీ కాదు. అండమూ శుక్రకణమూ కలిసే కథను పాఠ్యపుస్తకాలు ప్రేమకథలా, వీరగాథలా ఎలా రాశాయో ఎమిలీ మార్టిన్ 1991లోనే విప్పి చూపించింది. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆ వ్యాసం తెలిసే ఉంటుంది. నేను అదనంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మాట మన ముందు గదిలోంచి కణంలోకి వెళ్తుంది. అక్కడ స్నానం చేసి, తెల్లకోటు తొడుక్కుని, ప్రకృతి నియమంగా మన వంటింట్లోకి తిరిగొస్తుంది. వెళ్లేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, వచ్చేటప్పుడు ఎవరూ ప్రశ్నించరు. రాగి విషయంలో ఈ రాకపోకలు నవ్వుకోవడానికి బాగుంటాయి. ఏ తండ్రీ రాగి పత్రాలు చదివి కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టడు. ఇనుము దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది.

ఒక మనిషి శరీరంలో ఉండే ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు. ఒక మేకుకి సరిపోతుందేమో. ప్రాణం నిలబడేది ఈ కాస్త ఇనుము మీదే. దాని గురించి విచిత్రమైన సంగతేమిటంటే, దాన్ని బయటికి పంపే ఏర్పాటు శరీరానికి లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇనుము అలా పోదు. ఈ సంగతిని 1937లో మెకాన్స్, ఎల్సీ విడోసన్ బయటపెట్టారు. ఎల్సీ విడోసన్ తన ఒంటిమీదే ప్రయోగాలు చేసుకున్న మనిషి. ఆమె పేరు నా పాఠ్యపుస్తకాల్లో లేదు. లోపల చచ్చిపోయిన ఎర్ర కణాల్లోంచి రోజూ ఇరవై, పాతిక మిల్లీగ్రాముల ఇనుమును తీసి మళ్లీ వాడుకుంటాం. బయటి నుంచి లోపలికొచ్చేది రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములే. చర్మం రాలడం, పేగు పొర ఊడడం లాంటివాటితో ఇంచుమించు అంతే పోతుంది. కాబట్టి అదుపంతా లోపలికొచ్చే తలుపు దగ్గరే.

ఆ తలుపు పేరు ఫెర్రోపోర్టిన్. దాన్ని మూసే చెయ్యి కాలేయంలో తయారయ్యే ఒక చిన్న హార్మోను, హెప్సిడిన్. 2000, 2001 సంవత్సరాల్లో అది బయటపడింది. అది లేకపోతే ఎలుకల్లో ఇనుము పేరుకుపోతుందని పారిస్‌లో సోఫీ వోలోంట్ బృందం చూపించింది. హెప్సిడిన్ వెళ్లి ఫెర్రోపోర్టిన్‌కి అతుక్కుంటే ఆ తలుపే కణం లోపలికి కూలిపోతుందని 2004లో ఎలిజబెటా నెమెత్, ఆమె సహచరులు తేల్చారు. నిల్వలు నిండితే హెప్సిడిన్ పెరిగి తలుపు మూసుకుంటుంది. నిల్వలు తరిగితే తగ్గి తలుపు తెరుచుకుంటుంది. ఇక ఒక్కొక్క కణం లోపల ఇంకో ఏర్పాటు ఉంది. ఒక ప్రొటీను ఇనుము ఉన్నంతసేపు ఇనుము-గంధకం గుత్తిని పట్టుకుని ఎంజైముగా పనిచేస్తుంది. ఇనుము కరువైతే ఆ గుత్తి ఊడిపోతుంది. అప్పుడది వెళ్లి కొన్ని ఎంఆర్‌ఎన్‌ఏల మీద కూర్చుంటుంది. నిల్వచేసే ఫెరిటిన్ తయారీ ఆగుతుంది, ఇనుమును లోపలికి లాక్కునే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాల తయారీ పెరుగుతుంది. ఒకే అణువు ఖాళీ చేతుల్తో ఒక పని, నిండు చేతుల్తో మరో పని చేస్తుంది. ఇంతకాలమైనా ఇది తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. హాస్టల్లో నోరు జారింది ఈ పులకరింతలోనే.

మేకు బొమ్మలో నేను చెప్పనిది ఒకటుంది. బయటికి పంపే ఏర్పాటు లేదన్నాను కదా, నెలసరి వచ్చేవాళ్లకి పోయే దారి ఉంది, అదుపే లేదు. ఒక మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. గర్భం, కాన్పు అయితే చెప్పనక్కర్లేదు. ఇనుము శాస్త్రంలో 'సగటు మనిషి' అని రాసిన చోటల్లా ఆ మనిషి మగవాడు. మన లెక్క అదనంగా ఒక పేరాలో వస్తుంది.

కరువు మొదలైనప్పుడు శరీరం ఏం చేస్తుంది? ముందు నిల్వల్ని ఖర్చు చేస్తుంది. రక్తంలో ఫెరిటిన్ పడిపోతుంది. ఎముక మూలుగకి మాత్రం సరఫరా ఆపదు. ఎర్ర కణాలు తయారవుతూనే ఉంటాయి. హిమోగ్లోబిన్ పడిపోయేది చివర్లో. కడుపులో ఉన్న బిడ్డల్లో, అప్పుడే పుట్టిన పిల్లల్లో అయితే మెదడుకి అందాల్సిన ఇనుము కూడా ముందుగా ఎర్ర కణాలకే పోతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే వేలు గుచ్చి చూసి "పన్నెండుంది, బాగానే ఉంది" అన్నా లోపల కొట్టు ఖాళీ అయి ఉండొచ్చు. మనిషికి ఆయాసం, నీరసం, జుట్టు రాలడం ఉంటాయి. కాగితం మీద మాత్రం ఏ లోటూ ఉండదు.

మా ఇల్లూ అలాగే ఉండేది. బయటికి నిండుగా. ఆదివారం కోడికూర. ముందు నాన్న, బాబాయిలు, తర్వాత అన్నయ్యలు, తర్వాత మేము, ఆఖరున నాయనమ్మా అమ్మా. ముక్కలు మగవాళ్లకి, పులుసు మాకు. దీన్ని ఎవరూ నియమంగా చెప్పలేదు. గరిటెకి తెలుసు. మాంసంలోని హీమ్ ఇనుము తేలిగ్గా ఒంటబడుతుందనీ, ఆకుకూరల్లో, గింజల్లో ఉండే ఇనుము అంత తేలిగ్గా పట్టదనీ, భోజనం వెంటనే తాగే టీ దాన్ని ఇంకా అడ్డుకుంటుందనీ నేను చాలా తర్వాత చదువుకున్నాను. అమ్మ భోజనం అంటే అడుగంటిన పులుసు, గోంగూర పచ్చడి, ఆ వెంటనే ఒక గ్లాసుడు టీ. ఒకప్పుడు పులుసు పెట్టే ఇనుప మూకుడు కూడా, కూర నల్లబడుతోందని, అటకెక్కింది. ఆ నలుపులోనే చింతపండు పులుపుకి కరిగిన ఇనుము ఉండేది.

1994లో గర్భసంచి తీసేయడానికి అమ్మని ఒక నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 6.4 ఉంది. డాక్టరు ఆశ్చర్యపోయి, "ఇంత తక్కువతో ఇన్ని పనులు ఎలా చేశారమ్మా? మీ ఒళ్లు అలవాటుపడిపోయింది" అన్నాడు. మాట మెచ్చుకోలుగానే వచ్చింది. అమ్మ సిగ్గుపడి నవ్వింది కూడా. డాక్టరు చెప్పింది అబద్ధమేమీ కాదు. రక్తం పలచబడితే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఉన్న కాస్త హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని ఇంకా తేలిగ్గా వదులుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా జరిగిన నష్టాన్ని శరీరం ఏళ్ల తరబడి మెల్లగా కప్పిపుచ్చుతుంది. నేను అప్పటికే పరిశోధన విద్యార్థిని. ఆ గదిలో నాకు రావాల్సింది కోపం. దాని బదులు, అమ్మ శరీరం మీద ఒక రకమైన గౌరవం కలిగింది. మరీ దారుణమేమిటంటే, చాలా ఏళ్ల తర్వాత ఒక మహిళాదినోత్సవం సంచికలో ఇనుము గురించి వ్యాసం రాస్తూ, "కొరత వచ్చినప్పుడు కండరాలూ మెదడూ తమ వంతును త్యాగం చేస్తాయి" అని రాశాను. నలుగురు ఫోన్ చేసి ఆ వాక్యమే బాగుందన్నారు.

త్యాగం చెయ్యాలంటే 'నేను' అనే ఒకరు ఉండాలి. తనకి కావాలని తెలిసి వదులుకోవాలి. కండర కణానికి ఆ తెలివిడి లేదు. దాని దగ్గర ఇనుము లేదు, అంతే. మరి అమ్మ? అమ్మకి 'నేను' ఉంది. అందుకని ఆమెది త్యాగమనాలా?

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. నేను పెద్దమనిషినయిన ఏడాది, ఒక ఆదివారం అమ్మ నా కంచంలో అన్నం కింద ఏదో పెట్టింది. కెలికితే కార్జం ముక్క. నాయనమ్మ కంటబడింది. "ఆ ముక్క ఎవరికే?" అంది. అమ్మ తలెత్తకుండా, "పిల్లకి ఒంట్లోంచి పోతోంది గదా అత్తయ్యా" అంది. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత నెలకోసారైనా నా అన్నం కింద ఒక ముక్క ఉండేది. అమ్మ తన అన్నం కింద ఎప్పుడూ పెట్టుకోలేదు.

కణం దాచిపెట్టదు. నిల్వ చేస్తుంది, అది వేరు. ఒక్కొక్క ఫెరిటిన్ ప్రొటీను నాలుగున్నర వేల ఇనుము పరమాణువుల్ని పట్టగలదు. కానీ ఎవరి కళ్లుగప్పీ కాదు. అమ్మ దాచింది. అంటే ఆ పంపకం న్యాయం కాదని ఆమెకి తెలుసు. తెలిసిన మనిషి నోరు మూసుకుని పులుసు పోసుకుంటే దానికి త్యాగం అనే పేరు పెట్టడం ఎవరికి సుఖంగా ఉంటుందో వాళ్లే ఆ పేరు పెట్టారు. శరీరం సర్దుకోవడం ఒక యాంత్రిక చర్య, దానికి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఉండవు. మనిషి సర్దుకోవడంలో ఒప్పుకోలు ఎంత, భయం ఎంత, ఇంకో దారి లేకపోవడం ఎంత అన్నది ప్రతిసారీ అడిగి తెలుసుకోవాల్సిందే. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మాట్లాడనివ్వకపోవడమే మోసం. ఆ డాక్టరు తెలియక చేశాడు. నేను తెలిసీ, అందంగా రాసి మరీ చేశాను.

ఇది కేవలం మాటల గొడవ అనుకునేవాళ్లు అంకెల్ని చూడాలి. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రక్తహీనతకు హద్దులు పెట్టారు. మగవాళ్లకి 13, గర్భం లేని ఆడవాళ్లకి 12. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈ తేడాలో కొంత నిజంగానే హార్మోన్లది. టెస్టోస్టెరాన్ ఎర్ర కణాల తయారీని పెంచుతుంది. నేను దాన్ని కాదనను. కానీ పరీక్షా కేంద్రాల రిపోర్టుల్లో ఫెరిటిన్‌కి ఆడవాళ్ల 'మామూలు' హద్దు మగవాళ్లకంటే తక్కువగా ఎందుకుంటుంది? 'ఆరోగ్యంగా ఉన్నవాళ్ల'ని పోగుచేసి కొలిచినప్పుడు ఆ ఆడవాళ్లలో ఎంతోమందికి అప్పటికే నిల్వలు ఖాళీ అయి ఉంటే, ఆ కొరతే మామూలు అవుతుంది. తక్కువతో బతుకుతున్నవాళ్లని కొలిచి, తక్కువే వాళ్ల సహజ స్థితి అని రాసుకోవడం!

మన దేశంలో ఈ చర్చ ఇంకో రూపంలో వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందంది. మగవాళ్లలో అది 25 శాతం. అంతకుముందు సర్వేలో ఆడవాళ్లది 53. ఏళ్లపాటు మాత్రలు పంచాక అంకె పెరిగింది. 2021లో మన పరిశోధకులే 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో ఒక పత్రం వేశారు. ఆరోగ్యంగా ఉన్న మన పిల్లల రక్తాన్ని నరం నుంచి తీసి కొలిస్తే, ఆ వయసుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుల కన్నా తక్కువ దగ్గరే గీత గీయవలసి వస్తోందని అందులో వాదించారు. అది బాధ్యతగల శాస్త్రమే. వేలు గుచ్చి తీసే రక్తంతో లెక్క తప్పే అవకాశం ఉందన్నదీ నిజమే. నేను ఆ పత్రాన్ని కొట్టిపారేయలేను. కానీ హద్దు కిందికి జరిగిన రాత్రి, అన్నం మారకుండానే కొన్ని లక్షల మంది ఆరోగ్యవంతులైపోతారు. కొలతలో తప్పు దిద్దడం ఒకటి, కొరతకి కొత్త పేరు పెట్టడం ఒకటి. రెండూ ఒకే కాగితం మీద రాగలవు. ఏది ఏదో తెలియాలంటే ఆ పిల్లల కంచాల్లోకి కూడా చూడాలి.

మాత్రల సంగతి. ఆడవాళ్లు ఇనుము మాత్రలు సరిగా వేసుకోరని, పారేస్తారని, మూఢనమ్మకాలని దశాబ్దాలుగా వింటున్నాం. కడుపులో వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం గురించి వాళ్లు చెప్పుకుంటే సాకు అన్నాం. అయితే మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజంతా తలుపును బిగించి ఉంచుతుందని, మర్నాటి మాత్రలో ఒంటబట్టే భాగం తగ్గిపోతుందని 2015లో డీగో మొరెట్టి బృందం చూపించింది. రోజు విడిచి రోజు వేసుకుంటే ప్రతి మాత్రలో ఎక్కువ భాగం పడుతుందని 2017లో నికోల్ స్టాఫెల్, ఆమె సహచరులు నిల్వలు తగ్గిన యువతుల మీద చేసిన పరీక్షలో తేల్చారు. రోజుకి రెండేసి, మూడేసి మాత్రలు మింగమని చెప్పి, అరగనిదంతా పేగులో మిగిలి కడుపు తిప్పితే, తప్పు మింగినవాళ్ల మీద వేశాం. ఇంకొకటి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే కూడా హెప్సిడిన్ పెరుగుతుంది. క్రిములకి ఇనుము దొరక్కుండా చేయడానికి అది పాత ఏర్పాటు. టాంజానియాలోని పెంబా దీవిలో, మలేరియా విపరీతంగా ఉన్న చోట చిన్నపిల్లలందరికీ ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆసుపత్రి పాలైనవాళ్లూ, చనిపోయినవాళ్లూ ఎక్కువయ్యారని 2006లో 'లాన్సెట్' రాసింది. కాబట్టి మంచినీళ్లూ మరుగుదొడ్డీ లేని చోట మాత్ర ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే శరీరం వినదు. ఎవరు చెప్పినా వినదు. దాన్ని మొండితనమనీ, అజ్ఞానమనీ అనలేం కదా? ఆ తలుపు మూసుకోవడంలో ఆ మనిషి ప్రమేయమే లేదు.

ఎదుటి వైపు నుంచి వచ్చే తెలివైన మాటలూ ఉన్నాయి. 1981లో జెరోమ్ సలివన్ అనే డాక్టరు, నెలసరి ఆగేదాకా ఆడవాళ్లకి గుండెజబ్బులు తక్కువ రావడానికి కారణం వాళ్లలో ఇనుము నిల్వలు తక్కువ ఉండడమేనని ప్రతిపాదించాడు. శాస్త్రంగా చూస్తే ఆసక్తికరమైన ఊహ. తర్వాతి అధ్యయనాలు దాన్ని నిలకడగా బలపరచలేదు. కానీ మా విభాగంలో ఒక పెద్దాయన చాలాకాలం ఆ మాట పట్టుకుని, "మీరు అదృష్టవంతులమ్మా, ప్రకృతి మీకు నెలనెలా ఉచిత వైద్యం చేస్తోంది" అంటుండేవాడు. నవ్వేవాళ్లం. నవ్వకపోతే సరదా తెలియనివాళ్లమని పేరొచ్చేది.

శరీరం తన లోపలి స్థితిని నిలకడగా ఉంచుకోవడానికి 'హోమియోస్టాసిస్' అన్న పేరు పెట్టినవాడు వాల్టర్ కానన్. 1932లో ఆయన రాసిన పుస్తకం పేరు 'శరీర వివేకం' అని చెప్పుకోవచ్చు. చివర్లో ఆయన కూడా కణం నుంచి సమాజానికి గెంతాడు. నాలాగే. అయితే అది ఆర్థిక మాంద్యం కాలం. ఆయన ఆ గెంతులో, శరీరం తన కణాలకు అవసరాలు నిలకడగా అందించినట్టే సమాజమూ తన మనుషులకు అందించాలి కదా అని ఆలోచించాడు. తక్కువతో సర్దుకోండి అనలేదు. ఒకే శరీరాన్ని చూసి ఆయనొక నీతి తీశాడు, నేనొక నీతి తీశాను. నీతి శరీరంలోనే ఉండి ఉంటే ఇద్దరికీ ఒకటే కనపడాలి.

ఈమధ్య మన స్నేహితుల్లో కొందరు, కణాలు ఒకదానికొకటి పంచుకుంటాయి, కాబట్టి సహకారమే ప్రకృతి అని రాస్తున్నారు. వినడానికి మనవైపు మాటలా ఉంటుంది. నాకు అదీ ఇబ్బందే. రేపు ఎవరో హెప్సిడిన్‌ని చూపించి, తలుపులు మూసుకోవడమే ప్రకృతి అంటే ఏం చెబుతాం? మనకి నచ్చిన పోలిక వచ్చినప్పుడు చప్పట్లు కొడితే, నచ్చనిది వచ్చినప్పుడు నోరు లేవదు.

మరి ఆ అమ్మాయికి ఏం చెప్పి ఉండాల్సింది? నీతి ఏమీ లేని ఒక సంగతి ఉంది. కణం కొవ్వుని తయారు చేసుకోగలదు, చక్కెరని తయారు చేసుకోగలదు. ఇనుము ఒక మూలకం. అది నక్షత్రాల్లో పుట్టింది. ఏ ఎంజైమూ, ఏ తెలివీ, ఏ ఓర్పూ ఒక్క ఇనుము పరమాణువుని కూడా కొత్తగా పుట్టించలేవు. తలుపు ఎంత బార్లా తెరిచినా బయట ఉన్నదే లోపలికి వస్తుంది. కంచంలో లేకపోతే లేదు. శరీరం చేయగలిగిందల్లా ఖాళీ కావడాన్ని కొంత ఆలస్యం చేయడం, ఎక్కడ ముందు ఖాళీ కావాలో చూసుకోవడం. "సరిపోదమ్మా" అని రెండు ముక్కల్లో అయిపోయేది. దానికి బొమ్మలు కూడా అక్కర్లేదు.

కిందటి నెల ఆ హాస్టల్‌కి ఫోన్ చేశాను. ఆ పిల్ల ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటుందని తెలుసు. పేరు కూడా నాకు తెలియదు. కొత్త వార్డెన్ మాట్లాడింది. మళ్లీ ఉపన్యాసానికి వస్తారా మేడమ్ అని అడిగింది. వస్తానన్నాను. మాటల్లో పెట్టి, కోడికూర వండిన రోజు వడ్డించేదెవరు అని అడిగాను.

"వంటామె వడ్డిస్తుంది మేడమ్, లెక్క ప్రకారం. పిల్లలందరికీ సమానంగానే పడతాయి ముక్కలు" అంది, కొంచెం నొచ్చుకుంటూ.

"మరి వంటామె?"

కాసేపు ఆగి, "పులుసు ఉంటుంది కదా మేడమ్" అంది.